గుర్రమా, కత్తా? పాలడిన్ ముందున్న ప్రశ్న

ఉద్యోగ పర్వం వీడియోలో దుర్యోధనుడు, అర్జునుడు ఒకే రోజు ద్వారకకి వెళ్లి శ్రీకృష్ణుడి సాయం అడిగే ఘట్టం చెప్పుకున్నాం కదా. ఒకవైపు నారాయణ సేన. ఇంకోవైపు ఆయుధం పట్టను, యుద్ధం చేయను అన్న కృష్ణుడు. అర్జునుడు కృష్ణుడిని కోరుకున్నాడు, దుర్యోధనుడు సేన దొరికిందని సంతోషంగా వెళ్లిపోయాడు. ఈ ఘట్టం తలుచుకున్నప్పుడల్లా నాకు ఒక గేమ్‌లోని రూల్ గుర్తొస్తుంది. నవ్వకండి, చివరిదాకా చదవండి.

గేమ్ పేరు పాత్‌ఫైండర్. 2009లో వచ్చింది. 1974లో మొదలైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ కుటుంబానికి చెందినదే. నలుగురైదుగురు టేబుల్ చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడుపుతారు. అందులో పాలడిన్ అనే పాత్ర ఉంటుంది. దేవుడి ముందు ప్రతిజ్ఞ చేసి, ధర్మం కోసం పోరాడే యోధుడన్నమాట. ప్రతిజ్ఞ తప్పితే శక్తులు పోతాయి. ఐదో లెవెల్‌కి రాగానే ఈ పాలడిన్‌కి దేవుడితో ఒక బంధం ఏర్పడుతుంది. అది రెండు రూపాల్లో ఏదో ఒకటే: ఆయుధం, లేదా వాహనం. ఒకసారి ఎంచుకున్నాక మార్చుకోవడం కుదరదు.

ఆయుధం అంటే, పిలిచినప్పుడు ఒక దివ్యశక్తి వచ్చి కత్తిలో కూర్చుంటుంది. ఐదో లెవెల్‌లో రోజుకి ఒకసారి, 5 నిమిషాలు, +1 బలం. ఇరవయ్యో లెవెల్‌కి అది +6 అవుతుంది, రోజుకి 4 సార్లు, ఒక్కోసారి 20 నిమిషాలు. వాహనం అంటే మామూలు గుర్రం కంటే తెలివైన, బలమైన, నమ్మకమైన గుర్రం. రోజుకోసారి పిలిస్తే ఎక్కడున్నా వచ్చి పక్కన నిలబడుతుంది. పాలడిన్‌తో పాటు అదీ ఎదుగుతుంది, పదకొండో లెవెల్‌లో దానికి దివ్య లక్షణాలు కూడా వస్తాయి.

మా వీకెండ్ గేమ్‌లో పాలడిన్ ఆడే ఫ్రెండ్ దీనికి ఎక్సెల్ షీట్ వేశాడు. ఇంజనీర్లం కదా, ఇంకేం చేస్తాం. సొరంగాల్లోకి గుర్రం రాదు, నిచ్చెన ఎక్కలేదు, ఇరుకు మెట్ల మీద తిరగలేదు. మైదానంలో అయితే బల్లెం పట్టుకుని దూసుకెళ్లొచ్చు, దెబ్బ గట్టిగా తగులుతుంది. షీట్‌లో ఒక కాలమ్ కత్తికి, ఒక కాలమ్ గుర్రానికి. చివర్లో కత్తి గెలిచింది, గేమ్ లెక్కలో అది సరైన జవాబే కావచ్చు. నన్ను ఆపింది జవాబు కాదు, ఆ రెండూ ఒకే షీట్‌లో పక్కపక్కన కూర్చోవడం. మా ఆఫీసుల్లో మనుషుల్ని కూడా రిసోర్స్ అంటారు. "ఈ ప్రాజెక్ట్‌కి ఇంకో రెండు రిసోర్సులు కావాలి" అంటారు. ఆ మాట మీద నాకు ఎప్పటి నుంచో చిరాకు ఉంది.

గేమ్ రూల్ పుస్తకం కూడా అదే పని చేస్తుంది. దివ్యశక్తి ఉన్న ఆయుధం ధ్వంసమైతే 30 రోజులు, లేదా ఇంకో లెవెల్ వచ్చేదాకా, పాలడిన్‌కి ఆ బంధం ఉండదు. అప్పటిదాకా కొట్టే ప్రతి దెబ్బకీ −1. గుర్రం చనిపోతే? అదే 30 రోజులు, అదే −1. అక్షరం తేడా లేదు. విరిగిన ఇనుముకీ, మనల్ని మోసి చనిపోయిన ప్రాణికీ ఒకటే శోకం.

ఇది గేమ్ తయారుచేసినవాళ్ల తప్పని నేను అనను, పాత కథల్లోనే ఉంది. పాలడిన్ అనే మాట యూరప్‌ది, ఫ్రాంకుల రాజు చార్లెమాన్ చుట్టూ ఉండే పన్నెండుగురు వీరులకి కథల్లో ఆ పేరు. వాళ్లలో రోలాండ్ ముఖ్యుడు. పాత ఫ్రెంచ్ కావ్యం రోలాండ్ గీతంలో అతనికి గుర్రం, కత్తి రెండూ ఉన్నాయి, రెండిటికీ పేర్లున్నాయి. చివరి యుద్ధంలో ఒళ్లంతా గాయాలై గుర్రం చనిపోతుంది. కవి దాన్ని కొన్ని పంక్తుల్లో దాటేస్తాడు. తర్వాత రోలాండ్ తన కత్తి శత్రువు చేతిలో పడకూడదని రాతికేసి కొడతాడు, అది విరగదు. అప్పుడు ఆ కత్తితో మాట్లాడతాడు, దానితో గెలిచిన దేశాలన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుంటాడు. కత్తికి అంత విలాపం, గుర్రానికి నాలుగు మాటలు. నాకు అది చదివి కొంచెం బాధేసింది.

మన దగ్గర వాహనానికి వేరే మర్యాద ఉంది. ఆది పర్వంలో గరుత్మంతుడు అమృతం తెస్తూ, తాను ఒక్క చుక్క కూడా తాగకుండా వెళ్తుంటే విష్ణుమూర్తి మెచ్చుకుని వరం కోరుకోమంటాడు. నీకంటే పైన ఉండాలి, అమృతం తాగకుండానే అమరుడిని కావాలి అంటాడు గరుడుడు. స్వామి ఇస్తాడు. అప్పుడు గరుడుడు తిరిగి "నువ్వూ ఒక వరం కోరుకో" అంటాడు స్వామితో! నాకు వాహనంగా ఉండు అని స్వామి అడుగుతాడు. మోసేవాడిని అడిగి, వాడు ఒప్పుకున్నాక ఎక్కాడు. పైగా వాడికిచ్చిన మాట ప్రకారం తన జెండా మీద, తలకంటే పైన కూర్చోబెట్టుకున్నాడు. ఆయుధాలకి మనం మొక్కమని కాదు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి గరుడ సేవ, తొమ్మిదో రోజు చక్రస్నానం, రెండూ వైభవంగా జరుగుతాయి. దసరాకి బండికీ, లాప్‌టాప్‌కీ ఒకే చేత్తో కుంకుమ పెడతాం. కానీ తిరిగి వరం ఇచ్చింది మాత్రం వాహనమే.

ఇప్పుడు అసలు చోటుకి వస్తాను. కురుక్షేత్రంలో పద్నాలుగో రోజు. సూర్యుడు అస్తమించేలోగా జయద్రథుడిని చంపకపోతే అగ్నిలో దూకుతానని అర్జునుడు ముందు రోజు ప్రతిజ్ఞ చేశాడు. మనందరికీ డెడ్‌లైన్లు తెలుసు, ఇలాంటిది మాత్రం ఎవరికీ లేదు. సగం దారిలో రథానికి కట్టిన గుర్రాలు అలిసిపోయాయి. ఒంటి నిండా బాణాలు. జయద్రథుడు ఇంకా చాలా దూరంలో ఉన్నాడు.

అక్కడ అర్జునుడు రథం ఆపించాడు. గుర్రాలను విప్పమని కృష్ణుడికి చెప్పి, తాను నేల మీదికి దిగి, ఒక్కడే శత్రువులందరినీ అడ్డుకుంటూ నిలబడ్డాడు. గుర్రాలకి తాగడానికి నీళ్లు లేవే అన్నాడు కృష్ణుడు. అర్జునుడు బాణంతో నేలని కొట్టి చెరువు తెప్పించాడు. బాణాలతోనే ఇల్లులాంటిది కట్టాడు. అందులో కృష్ణుడు గుర్రాల ఒంట్లోంచి బాణాలు తీసి, తన చేతులతో వాటిని తోమి, నీళ్లు తాగించి, నేల మీద పొర్లనిచ్చి, మేత పెట్టి, అలసట తీరాక మళ్లీ కట్టాడు. చుట్టూ యుద్ధం ఆగలేదు. పొద్దు ఆగలేదు.

ద్రోణ పర్వంలో ఎన్నో అస్త్రాలున్నాయి, నాకు మాత్రం అన్నిటికంటే ఈ బాణమే ఎక్కువ ఇష్టం. ఆ కాసేపు గాండీవం గుర్రాల కోసం పనిచేసింది. ఆయుధాన్ని వాడనప్పుడు గోడకి తగిలించి మర్చిపోవచ్చు, ఏమీ కాదు. గుర్రానికి మాత్రం మీకు అస్సలు టైమ్ లేని రోజే దాహం వేస్తుంది. వాహనాన్ని ఎంచుకోవడమంటే ఆ రోజు రథం దిగడానికి ముందే ఒప్పుకోవడం అని నేను అనుకుంటాను.

ఇక్కడితో ఆపేస్తే చాలా తేలిక. కానీ అదే రోజు, సూర్యుడు అస్తమించాక, యుద్ధం రాత్రిలోకి సాగింది. ఆ రాత్రే ఘటోత్కచుడు చనిపోయాడు.

మనకి ఘటోత్కచుడు అనగానే మాయాబజార్ (1957)లో ఎస్వీ రంగారావు గారే గుర్తొస్తారు. భారతంలో ఆ రాత్రి కథ వేరు. కర్ణుడి దగ్గర ఇంద్రుడిచ్చిన శక్తి ఉంది. ఒక్కసారే పనిచేస్తుంది, తగిలినవాడు బతకడు. కవచకుండలాలు ఇచ్చి తెచ్చుకున్నాడు, అర్జునుడి కోసం దాచుకున్నాడు. కృష్ణుడు ఘటోత్కచుడిని కర్ణుడి మీదికి పంపాడు. కౌరవ సేన అల్లాడిపోయి మొరపెట్టుకుంటే కర్ణుడు ఆ శక్తిని వాడేశాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు మాత్రం సంతోషంతో అర్జునుడిని కౌగిలించుకున్నాడు. ఎందుకని అర్జునుడు అడిగితే, ఇక కర్ణుడి దగ్గర ఆ శక్తి లేదు, నువ్వు బతికావు అన్నాడు.

పగలు గుర్రాలకి తన చేతులతో నీళ్లు పట్టిన స్వామే రాత్రి ఒక పిల్లవాడి ప్రాణాన్ని ఆయుధానికి ఆయుధంగా ఖర్చు పెట్టాడు. దీన్ని మనం మొహమాటపడి దాటేయకూడదు. స్వామి లెక్క మొత్తం చూసినవాడి లెక్క. ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరగబోతుందో తెలిసినవాడు వేసింది. దాని ముందు నేను తల వంచుతాను. కానీ ఆ లెక్క వేసే అధికారం నాకు కూడా ఉందని అనుకోవడం వేరు. ఎక్సెల్ షీట్ ముందు కూర్చుని మనం చాలాసార్లు అదే అనుకుంటాం.

నన్ను ఇంకా ఎక్కువ పట్టి ఉంచింది తర్వాత ధర్మరాజు ఏడ్చిన తీరు. పెద్ద వీరుడు పోయాడని ఏడవలేదు. అరణ్యవాసంలో గంధమాదన పర్వతం ఎక్కుతున్నప్పుడు ద్రౌపది నడవలేక పడిపోతే, ఈ పిల్లవాడే ఆమెని వీపు మీద మోశాడని గుర్తుచేసుకున్నాడు. కష్టంలో పిలిస్తే వచ్చాడు, మాకోసం ఇది చేశాడు, అది చేశాడు అని ఒక్కొక్కటీ చెప్పుకున్నాడు. పాండవులు ఆయుధంలా వాడినవాడు, ఒకప్పుడు వాళ్లని మోసినవాడే. ధర్మరాజు ఆ మోసిన రోజుని మర్చిపోలేదు.

అందుకని కత్తి ఎంచుకున్న పాలడిన్ మీద నాకు ఫిర్యాదు లేదు. నాకు ఇంకో ప్రాణిని చూసుకునే తీరిక లేదు అనుకుని కత్తి తీసుకోవడం నిజాయితీ. బల్లెం దెబ్బ గట్టిగా తగులుతుందని మాత్రమే గుర్రాన్ని తీసుకుని, సొరంగం బయట కట్టేసి మర్చిపోయేవాడు కూడా కత్తినే ఎంచుకున్నాడు, దానికి గుర్రం అని పేరు పెట్టాడంతే.

మా టేబుల్‌లో ఒక రూల్ మార్చమని అడిగాను. కత్తి విరిగితే పుస్తకంలో ఉన్నట్టే, 30 రోజులు, −1, అయిపోయింది. గుర్రం చనిపోతే మాత్రం రోజులు గడిస్తే చాలదు. కొత్త గుర్రాన్ని పిలిచే ముందు, పాతది ఎక్కడెక్కడ ఎవరెవరిని మోసిందో ఆ పాలడిన్ అందరి ముందూ పేరుపేరునా చెప్పాలి. ఏమీ గుర్తు రాకపోతే కొత్తది రాదు.

జై శ్రీకృష్ణ.