చేతిలో పని ఉండగా వెళ్లొచ్చా

శ్రీకాకుళం జిల్లా గార మండలంలోనే ఉన్నాయి రెండూ. ఒకటి శ్రీకూర్మం. కాశీ దాకా పోలేనివాళ్లు మా వైపు పెద్దల రుణం తీర్చుకోవడానికి అక్కడికే వెళతారు. మా నాన్న అస్థికలు కలిపింది కూడా అక్కడి శ్వేత పుష్కరిణిలోనే. రెండోది వంశధార ఒడ్డున శాలిహుండం కొండ. దాని మీది స్తూపాలూ చైత్యాలూ ఇల్లు విడిచి వచ్చేసిన బౌద్ధ భిక్షువులవి. బాకీ తీర్చమంటుంది ఒకటి, బంధం తెంచుకోమంటుంది మరొకటి. శాస్త్రాల్లోనూ ఈ తగువు ఉంది. మూడు రుణాలూ తీర్చాకే మోక్షం మీద మనసు పెట్టమన్నాడు మనువు. వైరాగ్యం కలిగిన రోజే బయల్దేరమంది జాబాలోపనిషత్తు.

విజయనగరంలో ఒక కాలేజీకి లినక్స్ సర్వర్లు చూస్తాను. వాటి మీద నడిచే అపాచీ వెబ్ సర్వర్‌ని ఆపాల్సి వచ్చినప్పుడల్లా ఈ తగువే నా ముందుకొస్తుంది. ఉత్త స్టాప్ కొడితే తల్లి ప్రాసెస్ పిల్లలన్నిటినీ ఉన్నపళంగా చంపేస్తుంది. సాలూరు పైన ఏ కొండ ఊళ్లోనో అరకొర సిగ్నల్‌తో సర్టిఫికెట్ పంపుతున్న అమ్మాయి పని మధ్యలో తెగిపోతుంది. గ్రేస్‌ఫుల్ స్టాప్ అలా కాదు. ముందు పోర్టు మూసుకుంటుంది, కొత్తవాళ్లను రానివ్వదు. ఖాళీగా ఉన్న పిల్ల ప్రాసెస్‌లు అప్పుడే పోతాయి, పనిలో ఉన్నవి చేతిలోది ముగించి పోతాయి. టెర్మినల్‌లో పీఎస్ కమాండ్ కొట్టి చూస్తూ ఉంటే ప్రాసెస్‌ల వరస కొద్దికొద్దిగా పొట్టిదవుతుంది. చివరిది కూడా పోయాక గాని తల్లి కదలదు. అది చూస్తుంటే మనువు మాటే సబబనిపిస్తుంది.

కానీ ఎదురుచూపుకీ గడువుంది. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు ఓర్చుకుంటుంది, అప్పటికీ ఆగకపోతే సిగ్‌కిల్ అనే కబురు పంపుతుంది. ముగించమనే మిగతా కబుర్లు విని ప్రాసెస్ సర్దుకోగలదు. ఈ కబురు మాత్రం దాని చెవిన పడదు, కెర్నలే తీసేస్తుంది. నాన్నకీ అంతే. పొద్దున్నే పొలానికి వెళ్లి గట్టు మీదే ఒరిగిపోయాడు. సర్దుకునే వ్యవధి ఎక్కడిది? అయినా దినాలు అయ్యాక అప్పని చెప్పి మా గుమ్మం తొక్కినవాడు లేడు. "మీ నాన్న ఏ పూట బాకీ ఆ పూటే తీర్చీసీవోడు" అంది అమ్మ. మంచి డేటాబేస్ నడవడికా అదే. మార్పును లాగ్‌లో రాసి, డిస్క్‌కి చేర్చాకే 'అయింది' అంటుంది. ఆ తర్వాత కిల్ మైనస్ నైన్ అని అదే సిగ్‌కిల్ కొట్టినా ఒప్పుకున్నది పోదు.

ఉపనిషత్తు మాట చెల్లేది ఇలాంటివాళ్లకేనని ఇప్పుడు నా నమ్మకం. ఏ రోజుకారోజు చేతులు కడుక్కున్నవాడు ఏ రోజైనా లేచి వెళ్లొచ్చు. సిద్ధార్థుడి దగ్గరే నాకు మనసొప్పదు. నిద్రలో ఉన్న యశోధరనీ పసి రాహులుణ్ణీ వదిలి రాత్రికి రాత్రి వెళ్లాడు. బుద్ధుడయ్యాక కపిలవస్తుకు తిరిగొచ్చాడు, నిజమే. తెల్లారి లేచి ఆమె అడిగి ఉండే ప్రశ్నకు అన్నేళ్ల తర్వాత వచ్చిన జవాబు సరిపోయిందా? సరిపోలేదనే అంటాను.