చచ్చాకైనా ఒకటేనా?

"చచ్చాక అందరూ ఒకటే" అన్న మాటను ఎంత తేలిగ్గా వాడేస్తామో! పల్నాడులో ఆ మాటకు గొప్ప కవిత్వమే ఉంది. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా రాసిన శ్మశానవాటి పద్యాలను హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో నటులు పాడుతూనే ఉన్నారు, జనం వన్స్‌మోర్ కొడుతూనే ఉన్నారు. కులం పేరుతో అవమానాలు పడ్డ కవి, సమానత్వాన్ని కాటిలో చూశాడు. మరి జనం చప్పట్లు పద్యానికా, అందులోని మాటకా?

ఆ అనుమానం నాకు కారంపూడిలో ఇంకా ముదిరింది. ఓ ఆదివారం నలుగురు ఫ్రెండ్స్‌మి నరసరావుపేటలో బస్సెక్కి వీరుల గుడి చూడ్డానికి వెళ్లాం. పక్కనే నాగులేరు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో పోయినవాళ్ల గుర్తుగా అక్కడ లింగాలు నిలిపారు. మొక్కేది దేవుడికి మొక్కినట్టే గానీ, ఆ రాళ్ల వెనకున్నది మనలా చచ్చిపోయిన మనుషులే. ఏటా కార్తీకం చివర ఐదు రోజుల తిరునాళ్ల: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఆచారవంతులు ఊళ్లనుంచి వీరుల ఆయుధాలు మోసుకొస్తారు. మందపోరు నాడు చాపకూడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడన్న కథకు అది గుర్తు. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకులా చూసుకుని సేనాపతిని చేశాడనీ కథ చెబుతుంది.

"చూశారా, ఎనిమిది వందల ఏళ్ల కిందటే!" అన్నాడు మాలో ఒకడు.

"కన్నమదాసు కత్తి పట్టకపోయుంటే?" అని అడిగింది ఇంకో ఫ్రెండ్.

ఎవరం మాట్లాడలేదు.

నాకు తోచింది ఇది. వీరుడికి దక్కిన సమానత్వం ప్రాణం పెట్టి కొనుక్కున్నది. దొర కోసం చచ్చినవాడికి వరసలో చోటు దొరికింది. ఎవరి కోసమూ చావకుండా, జ్వరమొచ్చి పోయిన కూలివాడి సంగతేంటి? మన ఊళ్లల్లో చాలాచోట్ల కులానికో శ్మశానం. కొన్ని పల్లెలకు అదీ లేదు. శవాన్ని ఇంకొకరి పొలంగట్ల మీదుగా మోసుకుపోతూ మాటలు పడాలి. చావు సమానం చేస్తుందేమో గానీ, పాతిపెట్టేది మాత్రం బతికున్నవాళ్లే. వాళ్లు తమ లెక్కలన్నీ గుంట దాకా తెచ్చుకుంటారు.

ఆ లెక్క తిరగబడిన చోటు ఒకటుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను చంపారు. శవాలను ఊరి చివరికి తీసుకెళ్లకుండా, ఊరి నడుమే పూడ్చారు. ఆ చోటు పేరు రక్తక్షేత్రం. అక్కడున్నవాళ్లు యుద్ధానికి వెళ్లినవాళ్లు కాదు. దారిన పోయే ప్రతివాడికీ ఆ సమాధులు ఒకటే చెబుతాయి: మేమూ ఈ ఊరివాళ్లమే.

అలాగని కారంపూడి అబద్ధమని నేననను. ఏడాదికో రోజైనా చాప పరిచారంటే, కలిసి కూర్చోవడం అనే ఊహ ఇక్కడ చచ్చిపోలేదని అర్థం. కానీ కన్నమదాసుకు మొక్కడానికి మన జేబులోంచి పోయేదేం లేదు. శ్మశానానికి సెంటు భూమి వదలాలంటే పోతుంది. తిరునాళ్ల నుంచి ఇంటికెళ్లినవాడు తన ఊళ్లో శ్మశానాలు ఎన్నున్నాయో లెక్కపెట్టి, అన్నెందుకని పంచాయతీలో అడిగితే, ఆ చాపకూడు ఒంటబట్టినట్టు.