ఐ.పి. పెట్టిన సహోదరుడు, జామీను నిలిచిన సహోదరుడు



"ఫలానావాడు ఐ.పి. పెట్టాడు" అను మాట విననివారు మనలో లేరు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అను పెద్ద మాటను మనవారు రెండక్షరములకు కుదించిరి. దానితోపాటు ఆ మనిషి పరువును కూడ. ఆనేకల్‌లో స్థిరపడిన మన కుటుంబములలో ఆ మాట మరల వినబడుచున్నది. బొమ్మసంద్ర, జిగణి ఫ్యాక్టరీలలో పనిచేయుచు, సైటు కొని, పిల్లల చదువుకు, పెండ్లికి అప్పుచేసినవారు మనలో అనేకులు. లేతు షాపు పెట్టి నష్టపోయిన ఒక సహోదరుడు వకీలు వద్దకు పోవుటకు ముందు మా యొద్దకు వచ్చి, "ఇది పాపమా?" అని అడిగెను. ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోతిమి.

ముందు చట్టమేమనుచున్నదో చూచితిమి. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చినను, వ్యక్తుల విషయములో అది 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల అప్పులకు హామీ ఇచ్చినవారికి మాత్రమే అమలులోనికి వచ్చినది. మనబోటివారికి ఇంకను 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. అందులో 500 రూపాయల అప్పున్నవాడును పిటిషను వేయవచ్చునని యున్నది. ఆ కాలపు 500 అది! కోర్టు దివాలాదారుడని ప్రకటించినచో అతని ఆస్తి కోర్టు చేతిలోనికో రిసీవరు చేతిలోనికో పోవును. విడుదల దొరకులోపల కొత్తగా సంపాదించినదియు అంతే. అయితే కట్టుబట్టలు, వంటపాత్రలు, పరుపులు, పనివాని పనిముట్లు ముట్టరాదు. తిరుగటిరాయిని తాకట్టు పట్టకూడదని ద్వితీయోపదేశకాండము చెప్పిన సంగతి మనకు తెలిసినదే. సైటు తాకట్టు పెట్టుకొన్న బ్యాంకు హక్కు మాత్రము చెక్కుచెదరదు. ప్రభుత్వ బాకీలు, మోసముచేసి తెచ్చిన అప్పులు విడుదల తరువాతను మిగులును. సిబిల్ వంటి సంస్థల రికార్డులో ఆ మచ్చ సంవత్సరముల తరబడి నిలిచి, మరల అప్పు పుట్టుట కష్టమగును.

మమ్మును ఆశ్చర్యపరచినది వేరొకటి. ఆస్తి అప్పులో రూపాయికి ఎనిమిదణాలైనను రానియెడల, అది తన తప్పువలన కాలేదని అతడు కోర్టును ఒప్పించవలెను; లేనిచో పూర్తి విడుదల ఇయ్యరాదు. తీర్చగలనను ఆశ లేకయే అప్పు తెచ్చెనా? జూదమాడెనా? స్తోమతకు మించి దుబారా చేసెనా? ఇవన్నియు కోర్టు విచారించును. సంఘములో మనము అడుగుటకు మొగమాటపడు ప్రశ్నలు తెల్లదొరల కాలపు చట్టము నిర్మొగమాటముగా అడుగుచున్నది.

మా పెద్దలలో ఒకరు, "తీసికొన్నది తీర్చవలసినదే, కోర్టు ఎవరు మాఫీ చేయుటకు?" అనిరి. మరియొక పెద్దాయన చాలసేపు మాటలాడక, తన తండ్రి ప్రకాశం జిల్లాలో తాత చేసిన అప్పుకు పాలేరుగా ఉండిన సంగతి చెప్పిరి. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము అట్టి అప్పులను రద్దు చేసినది. "అప్పుడు మా నాయన అప్పు ఎగవేసినట్టా?" అని ఆయన అడుగగా ఎవరును బదులు చెప్పలేదు. నిజమే, రెండు అప్పులు ఒకటి కావు. అయినను తీర్చలేని అప్పు క్రింద మనుష్యుని జీవితాంతము నలుగగొట్టుట న్యాయముకాదని ఒప్పుకొనక తప్పలేదు.

కాని అంతటితో తెమలలేదు. ఈ సహోదరునికి ఒక సహకార సంఘములో 3 లక్షలకు మన కూటమిలోని మరియొక సహోదరుడు జామీను నిలిచియుండెను. దివాలాదారునికి దొరకు విడుదల జామీనుదారునికి వర్తించదు. చట్టము ఈ మాట స్పష్టముగా చెప్పుచున్నది. కోర్టు ఒకని మెడనుండి దించిన బరువు అతనిని నమ్మి సంతకము చేసినవాని మెడమీదనే ఉండును. పిటిషను పాపమని మేమనము. ఈ సంగతి జామీనుదారునికి తెలుపక వేయుట మాత్రము పాపమని తలంచుచున్నాము.

"పోనీ, ముందు ఆయన బాకీ కట్టి తరువాత పిటిషను వేసెదను" అని సహోదరుడనెను. అదియు కుదరదు. పిటిషనుకు ముందు 3 నెలలలో ఒకరికి మేలు చేయవలెనని చెల్లించినది చెల్లదు. భార్యపేర సైటు వ్రాయుదునా అన్న ఆలోచనయు అంతే. 2 సంవత్సరముల లోపల చేసిన అట్టి బదిలీలను కోర్టు రద్దుచేయవచ్చును. మిగిలిన అప్పులవాళ్లలో మేస్త్రీకి బాకీపడిన కూలి, ఇనుపకొట్టు సేటు సొమ్ము కూడ ఉన్నవి గదా! మన సంఘస్థుడు కానందున వాని రూపాయి తక్కువదా? విడుదల దొరకిన తరువాత తన కష్టార్జితములోనుండి ఇష్టపూర్వకముగా ఇచ్చినచో ఏ కోర్టును కాదనదు.

చివరకు అతడు జామీనుదారుని ఇంటికి పోయి, భార్యాభర్తల యెదుట లెక్క అంతయు చెప్పి, ఆ మరుసటి వారమే పిటిషను వేసెను. విడుదల తరువాత నెలనెలా ఇచ్చెదనని మాట ఇచ్చెను. మేము కాగితము వ్రాయించలేదు. ఇప్పుడు ఆదివారము ఆరాధన కాగానే, తనకు మిగిలిన పనిముట్ల సంచితో వారింటికి పోయి, నీళ్ల మోటారో గేటో ఏదో ఒకటి బాగుచేసి వచ్చుచున్నాడు. ఆ సహోదరుడు కాఫీ ఇచ్చును. ఆయన భార్య మాత్రము ఇంకను లోపలి గదిలోనుండి బయటికి రాదు.