ఆగిన బండి, ఆగిన సహోదరుడు

ధ్యాన భాగములు: గలతీ 6:1, యోహాను 9:1–3



మన కరీంనగరు, ఆదిలాబాదు సీమలో బొగ్గు లారీలు, వడ్ల లారీలు అనేకములు తిరుగుచున్నవి. కంప్యూటరు లేని పాత లారీ యొకటి మంచిర్యాల దారిలో ఆగి, మరల స్టార్టు కాలేదనుకొందము. చుట్టు చేరినవారిలో ఒకడు బ్యాటరీ పోయినదనును, మరియొకడు ఇంజను బిగుసుకొన్నదనును. డ్రైవరు మాటిమాటికి సెల్ఫ్ కొట్టగా మంచి బ్యాటరీయు దిగిపోవును.

తెలిసిన మేస్త్రి అట్లు చేయడు. ముందు అడుగును: ఒక్కసారిగా ఆగెనా, తడబడి ఆగెనా? డీజిల్ ఎప్పుడు పోసితిరి? సెల్ఫ్ బలముగా తిరుగుచున్నచో బ్యాటరీ దోషము కాదు. తిరుగునప్పుడు పొగ బొత్తిగా రానిచో, డీజిల్ లోపలికి చేరుటలేదని తలంచును. ట్యాంకు మొదలుకొని వరుసగా చూచును. ఫిల్టరు మీది బోల్టు వదులుచేసి చేతిపంపు కొట్టును. బుడగలు వచ్చినచో గొట్టములో గాలి చొచ్చినది. బుడగలు లేక డీజిల్ సన్నగా వచ్చినచో ఫిల్టరు మూసుకొని యుండవచ్చును. ఆగుట ఒక్కటే, కారణములు వేరు.

ఇంకొక సంగతి. ట్యాంకు నుండి పంపు వరకు గొట్టము డీజిల్‌ను పీల్చుకొనును. అక్కడ సన్నని చీలిక యున్నచో బయటికి చుక్కయు కారకపోవచ్చును. గాలి మాత్రము లోపలికి పోవును. చూచువారికి గొట్టము బాగుగానే కనబడును. గాలి తీసి పంపినను, చీలిక మూయనిచో బండి కొంతదూరము పోయి మరల ఆగును.

మన సంఘములలో నడుచుచుండినవారు ఆగినప్పుడు మనమేమి చేయుచున్నాము? ఒక సహోదరుడు ఆరాధనకు రాక మానెను. విశ్వాసము చల్లారినదని చెప్పుట సులభము. అతడు దుబాయి పోవుటకు అప్పు చేసి యుండవచ్చును; అప్పిచ్చినవారు అదే గుడిలో కూర్చుండుటచేత ముఖము చూపలేకుండవచ్చును. అట్టివానిని గద్దించి ఒక ఆదివారము తెచ్చినను, రెండవ ఆదివారము రాడు. లేక, నిజముగా పాపమే అడ్డముగా నుండవచ్చును. అడుగక ఎట్లు తెలియును?

యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా అతని ప్రక్కను కూర్చుండిరి. అంతవరకు మంచి స్నేహితులే. ఊహతో కారణము చెప్పనారంభించినప్పుడు గాయముమీద గాయము చేసిరి. పుట్టుగ్రుడ్డి విషయములో ఎవరి పాపమని శిష్యులు అడుగగా, ప్రభువు ఎవరి పాపమును కాదనెను. అయితే యోహాను 5:14లో స్వస్థుడైన వానిని ఇక పాపము చేయవద్దని హెచ్చరించెను. ఇద్దరికి ఒకే కారణము అంటగట్టలేదు.

కాబట్టి ప్రేమయనగా దోషము లేదనుట కాదు. దోషమున్న చోటనే చేయి పెట్టుట. గలతీ 6:1లో తప్పిపోయినవానిని సరిచేయుటకు పౌలు వాడిన గ్రీకు క్రియయే మత్తయి 4:21లో జెబెదయి కుమారులు వలలు బాగుచేయుటకు వాడబడినది. చినిగిన వలను తిట్టిన లాభమేమి? చినిగిన చోటు వెదకి ముడివేయవలెను. అదియు సాత్వికముతో, మనలను మనము చూచుకొనుచు.

ఈ నెలలో రాక మానిన ఒక్కరి యింటికైనను పోవుదము. ముందు అడుగుదము, చెవియొగ్గి విందము, పిమ్మట మాటలాడుదము. అప్పు అడ్డమైనచో అప్పిచ్చిన సహోదరునితో గడువు మాటలాడుట కూడ సువార్త పనియే. ప్రభువు మనకు ఆ ఓపిక దయచేయును గాక. ఆమేన్.