దండగ ఫైలు

మా అమ్మాయి కంప్యూటరులో నిక్షేపంగా కనబడ్డ గ్రాఫు, జనంలోకి వెళ్ళేసరికి మాయమై ఖాళీ పెట్టె మిగిలింది. రెండు రాత్రులు వెతికింది పాపం! చార్ట్ జేఎస్‌లో 2021 నాటి మూడో వెర్షన్ నుంచి అక్షాలూ కడ్డీలూ ముందే నమోదు చెయ్యాలట. ఆ పనిచేసే ఫైలు విడిగా ఉంది. బయటికి పంపే మూట కట్టేటప్పుడు, ఎవరూ ఏమీ తీసుకోని ఫైలు దండగని ప్రోగ్రాము దులిపేసిందిట.

"అదెవరికీ ఏమీ ఇవ్వదమ్మా, ఊరికే అన్నీ సిద్ధం చేసిపెడుతుంది. అందుకే పోయింది" అంది.

నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. సిద్ధం చేసిపెట్టేవాళ్ళు తామున్నామని చెప్పుకోవాలా, అనుభవించేవాళ్ళే గుర్తించాలా? చెప్పుకోవడం నాకు నామోషీ. ఆ ఖాళీ పెట్టె చూశాక, నామోషీ ఎవరి మేలుకో అర్థం కాలేదు.

"దీన్ని వదలొద్దు" అని అమ్మాయి ఒక్క ముక్క రాసింది, గ్రాఫు వచ్చేసింది.

సాయంత్రం మావారు "ఇవాళేం చేశావు?" అన్నారు. ఎప్పటిలా "ఏముందీ!" అనలేదు. తెల్లవారుజామునుంచి మొదలుపెట్టాను.