బంగారానికి ఊక ఉండదు

పైథాన్‌లో కొత్త వెబ్‌సైటు కట్టడానికి కూర్చున్న ప్రోగ్రామరు ముందుగా జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌కి ‘స్టార్ట్‌ప్రాజెక్ట్’ అన్న ఒక్క ఆదేశం ఇస్తుంది. రెప్పపాటులో ఒక ఫోల్డరు, దానిలో ఆరు పైథాన్ ఫైళ్లు సిద్ధం. తాను ఇంకా ఒక్క అక్షరం రాయలేదు. నిర్ణయాలు మాత్రం బోలెడు జరిగిపోయాయి. డేటాబేస్ ఎస్‌క్యూలైట్. భాష అమెరికన్ ఇంగ్లిషు. గడియారం యూటీసీ. బయటి నుంచి వచ్చే ప్రతి అభ్యర్థనా ఏడు మిడిల్‌వేర్ పొరలను దాటుకుని రావాలి. వీటిలో ఏదీ ఆమె కోరింది కాదు, కాదన్నదీ కాదు.

మరి ఈ పనికి కర్త ఎవరు? అడక్కుండా వచ్చిన ఏర్పాట్లను ఎంతవరకు మన్నించాలి, ఏ ఆధారంతో తోసిపుచ్చాలి?

ఈ ప్రశ్న కంప్యూటర్ల కంటే చాలా పాతది. యజ్ఞవేదిక దగ్గర దీని మీద పెద్ద చర్చే నడిచింది. జైమిని పూర్వమీమాంసా సూత్రాల 12 అధ్యాయాల్లో 7, 8 అతిదేశానికి, 9 ఊహకి, 10 బాధకి కేటాయించినవే. వేదం చెప్పిన ఇష్టులు, అంటే హవిస్సులిచ్చే యజ్ఞాలు, అనేకం. అన్నిటికీ ఆమూలాగ్రం విధానం చెప్పలేదు. అమావాస్య, పౌర్ణమి సందర్భాల్లో చేసే దర్శపూర్ణమాసాలకు మాత్రం అంగాలన్నీ, అంటే అందులో చేయాల్సిన పనులన్నీ, వివరంగా చెప్పింది. అది ప్రకృతి. దాన్నిబట్టి నడిచే ఇతర ఇష్టులు వికృతులు. వికృతి దగ్గరికి వచ్చేసరికి వేదం కొత్త సంగతులు రెండో మూడో చెప్పి ఊరుకుంటుంది. మిగిలినదంతా ప్రకృతి నుంచి తెచ్చుకోవాలి. ఆ తెచ్చుకోవడమే అతిదేశం. ఇది పుస్తకాల్లో మిగిలిపోయిన లెక్క కూడా కాదు. గోదావరి డెల్టాలో, ఆపస్తంబ సూత్రాన్ని అనుసరించి అగ్నులను నిలుపుకున్న ఆహితాగ్నుల జీవితాలను అమెరికన్ పరిశోధకుడు డేవిడ్ నైప్ దశాబ్దాల పాటు దగ్గర నుంచి చూసి 2015లో ఒక పుస్తకమే వేశాడు.

తెచ్చుకున్నదాన్ని ఉన్నదున్నట్టు వాడితే కుదరదని మీమాంసకులకు తెలుసు. దర్శపూర్ణమాసాల్లో అగ్ని పేరుతో హవిస్సు తీసే మంత్రం ఉంది. సూర్యుడికి చరువు, అంటే ఉడికించిన గింజల హవిస్సు, ఇచ్చే ఇష్టికి అదే మంత్రం వస్తుంది. సూర్యుడికి ఇస్తూ అగ్ని పేరెత్తడం అర్థం లేని పని కనుక ఆ ఒక్క మాట మారుతుంది, మంత్రపు చట్రం అలాగే ఉంటుంది. ఇది ఊహ. జాంగో సెట్టింగ్స్ ఫైల్లో అమెరికన్ ఇంగ్లిషు గుర్తు చెరిపి తెలుగు గుర్తు ‘టీఈ’ రాయడం, యూటీసీ ఉన్నచోట ‘ఏషియా/కోల్‌కతా’ పెట్టడం సరిగ్గా ఈ కోవలోవే.

అసలు కిటుకు పదో అధ్యాయంలో ఉంది. ఆయుష్షు కోరేవాడు చేసే ఒక ఇష్టిలో గింజల బదులు కృష్ణలాలు, అంటే గురివింద గింజ ఎత్తు బంగారు ముక్కలు, నూరింటిని చరువుగా వాడాలి. ప్రకృతిలో ధాన్యాన్ని రోట్లో పోసి దంచమని ఉంది. మరి బంగారాన్నీ దంచాలా? అక్కర్లేదన్నారు మీమాంసకులు. దంచేది ఊక పోవడానికి. బంగారానికి ఊక ఉండదు. ప్రయోజనం పోయింది కనుక అంగమూ పోతుంది. ఇది బాధ. ఇక్కడితో ఆగితే ఇది సామాన్యమైన ఇంగితం. వాళ్లు ఆగలేదు. మరి వండటం? బంగారం ఉడికేది కాదు కదా! అయినా వండాలి, ఎందుకంటే కృష్ణలాలను వండమని వేదం విడిగా చెప్పింది. ఒకే ద్రవ్యం విషయంలో ఒక అంగం రాలిపోయింది, ఇంకొకటి నిలిచింది. రెండిటికీ కారణం చెప్పారు. యాంత్రికంగా తంతు నడిపేవారని పేరుపడ్డ మీమాంసకులు ‘ఇది ఎందుకు?’ అని అడిగినంత ఓపికగా ఇవాళ్టి సాఫ్ట్‌వేర్ బృందాలు అడుగుతున్నాయా అన్నది అనుమానమే.

వారసత్వం బరువుగా తోచి అన్నీ తుడిచేద్దామనుకునే వాళ్లకు జాంగోలోనే చిన్న పరీక్ష ఉంది. సెట్టింగ్స్ ఫైల్లో కాలమండలం చెప్పే వరసను పూర్తిగా తీసేస్తే గడియారం ఏమవుతుంది? ఆగిపోదు. యూటీసీలోనూ ఉండదు. షికాగో సమయానికి వెళుతుంది. స్టార్ట్‌ప్రాజెక్ట్ ఇచ్చిన ఫైలు వెనకాల జాంగో లోపల మరో మూల సెట్టింగ్స్ ఫైలు ఉంది. పైన చెప్పనిదంతా అక్కడి నుంచి వస్తుంది. ఆ ఫైల్లో కాలమండలం నేటికీ షికాగోదే. జాంగో పుట్టింది ఆ కాలమండలంలోనే. 2003లో కాన్సస్ రాష్ట్రం లారెన్స్ పట్టణంలో, ‘లారెన్స్ జర్నల్-వరల్డ్’ దినపత్రిక వెబ్ విభాగంలో ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ దాన్ని మొదలుపెట్టారు. 2005 జులైలో లోకానికి విడుదలైంది. కాకినాడలోనో కరీంనగర్‌లోనో కూర్చుని ఒక వరస చెరిపేసిన వాళ్లకు కాన్సస్ పత్రికాఫీసు గోడ గడియారం దక్కుతుంది. అదే, లోపాల వివరాలను బయటపెట్టే డీబగ్ వరస తీసేస్తే ఫలితం తలకిందులు: స్టార్ట్‌ప్రాజెక్ట్ ఇచ్చే నమూనా ఫైల్లో అది ఆన్‌లో ఉంటుంది, మూల ఫైల్లో ఆఫ్‌లో. చెరిపివేత శూన్యానికి తీసుకెళ్లదు, ఇంకో పూర్వికుడి దగ్గర దిగబెడుతుంది. ఆ పూర్వికుడు ఒకచోట పాతకాలపువాడు, ఇంకోచోట మనకంటే జాగ్రత్తపరుడు.

దంపుడుకు కంటికి కనిపించే ఫలం ఉంది కనుక దాని సంగతి తేల్చడం తేలిక. వడ్ల మీద నీళ్లు చిలకరించే ప్రోక్షణ సంగతి వేరు. చిలకరించాక వడ్లలో తేడా ఏమీ కనబడదు. మీమాంసకులు దానికి అదృష్టఫలం, అంటే కంటికి కనబడని ఫలం, ఉందన్నారు. కనబడలేదన్న ఒక్క సాకుతో మానేయడానికి వీల్లేదు. నమూనాల్లోనూ ఇలాంటి అంగాలు ఉంటాయి. ఆ ఏడు మిడిల్‌వేర్‌లలో ఒకటి సీఎస్‌ఆర్‌ఎఫ్ దాడిని ఆపేది: లాగిన్ అయి ఉన్న మనిషి పేరుతో మరో సైటు దొంగ అభ్యర్థన పంపకుండా కాపలా కాస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది చేసే మేలు ఎన్నడూ కనపడదు. కనిపించేది 403 దోషమొక్కటే: ఫారం నింపి పంపితే నిరాకరణ. విసుగెత్తి ఆ వరసను కామెంట్‌లోకి నెట్టేస్తే ఫారం పనిచేస్తుంది, సైటూ చక్కగా నడుస్తుంది, దాడి జరిగే రోజు దాకా. ఇది బాధ కాదు. ప్రయోజనం పోయిందని తెలిసి వదలడం వేరు, ప్రయోజనం తెలియక వదలడం వేరు.

పోలిక ఇక్కడే తెగుతుంది కూడా. వేదం అపౌరుషేయమని మీమాంస సిద్ధాంతం. రాసినవాడు లేడు కనుక అడగడానికి ఎవరూ లేరు, తర్కంతోనే తేల్చుకోవాలి. ప్రాజెక్టు నమూనాలను మనుషులు రాశారు. వాళ్ల కారణాలు చాలావరకు, కోడులో మార్పులను నమోదు చేసే గిట్ చరిత్రలో ఉంటాయి. సెబాస్టియన్ రామిరెజ్ తయారుచేసిన మరో పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఫాస్ట్ఏపీఐ నమూనాలో తొలి పాస్‌వర్డులన్నీ ‘చేంజ్‌దిస్’ అనే ఉంటాయి. సొంత కంప్యూటర్లో అయితే హెచ్చరించి వదిలేస్తుంది. వాటిని మార్చకుండా అసలు సర్వర్‌కు ఎక్కిస్తే అప్లికేషన్ మొదలవడానికే ఒప్పుకోదు. తనలో ఏది ఊహకు లోబడాలో తానే చెప్పుకునే ప్రకృతి ఇది. యజ్ఞంలో ఆ సౌకర్యం లేదు.

ఆ మేరకు ప్రోగ్రామర్ల బాధ్యత పెరుగుతుందే కాని తగ్గదు. 2013లో వచ్చిన కుకీకట్టర్ లాంటి పరికరం కొన్ని ప్రశ్నలడిగి మొత్తం ప్రాజెక్టును పోతపోసి ఇస్తుంది. ఆ క్షణం నుంచి నమూనాకీ ప్రాజెక్టుకీ బంధం లేదు. నమూనాలో తర్వాత సరిదిద్దిన లోపం పాత ప్రాజెక్టుకు దానంతట అది చేరదు. ఈ లోటు పూడ్చే పరికరాలు క్రఫ్ట్, కాపియర్. నమూనాలో జరిగిన మార్పులను తెచ్చి ప్రాజెక్టులో కలుపుతాయి. కావాలని తీసేసిన భాగాన్నే కొత్త మార్పు తాకితే రెండు పాఠాలనూ ఎదురెదురుగా పెట్టి, తేల్చమని మనిషికి వదిలేస్తాయి. తేల్చాలంటే మొదట ఎందుకు తీసేశారో తెలియాలి. ఆ తీసివేతను గిట్‌లో నమోదు చేసిన కమిట్ సందేశంలో చాలాసార్లు ‘ఫిక్స్’ అన్న ఒక్క మాటే ఉంటుంది.

మీమాంసా అధికరణం అలా ఊరుకోదు. విషయం, సంశయం చెప్పాక, ఓడిపోబోయే పూర్వపక్షాన్ని కూడా పూర్తిగా వినిపించి, అప్పుడు సిద్ధాంతానికి వస్తుంది. పైథాన్ లోకంలో ఈ పద్ధతికి దగ్గరగా ఉన్నవి పెప్‌లు, అంటే భాషలో మార్పుల కోసం రాసే ప్రతిపాదనలు. వాటిని ఎలా రాయాలో చూపడానికి 12వ పెప్‌ను ఒక నమూనాగానే ఇచ్చారు. అందులో ‘తిరస్కరించిన ఆలోచనలు’ అన్న శీర్షిక ఒకటి ముందే రాసిపెట్టి ఉంటుంది. స్టార్ట్‌ప్రాజెక్ట్ పుట్టించే ఆరు ఫైళ్లలో అలాంటి చోటు ఇంకా లేదు.