‘స్త్రీయైనను’ అను ప్రశంస

“స్త్రీయైనను బాగుగా వాయించినది.” ఈ వాక్యమందలి ‘ఐనను’ అను పదము ప్రశంసను మ్రింగివేయుచున్నదని మా యభిప్రాయము. విద్యుద్గిటారుల ఘోషయే ప్రాణముగాఁ గల హెవీ మెటల్ సంగీతమును బట్టి దీనిని విచారింతము.

1978లో లండనునందు నలుగురు యువతులు గర్ల్‌స్కూల్ అను మేళమును గట్టిరి. ప్రధానగిటారు కెల్లీ జాన్సనుది. 1981లో వారి ‘హిట్ అండ్ రన్’ ఆల్బము బ్రిటిషు విక్రయపట్టికలో 5వ స్థానమున కెక్కెను. వింతకొఱకు కొనిరందురా? ఆ మేళము 2023లోను క్రొత్త ఆల్బమును వెలువరించెను. వింత 45 ఏండ్లు నిలుచునా?

2014లో జావాద్వీపమందలి గారుత్ ప్రాంతమున ముగ్గురు పాఠశాల బాలికలు తలముసుఁగుతోడనే ‘వాయిస్ ఆఫ్ బాచెప్రొట్’ మేళమును గట్టిరి. ముస్లిం బాలికల కిది తగదని స్వదేశమునఁ గొందఱు నిందించిరి. ముసుఁగుతో వాయించుచున్నారే యని విదేశములఁ గొందఱు ముక్కున వ్రేలు వైచుకొనిరి. ఉభయుల చూపును ముసుఁగుపైనే! గిటారు వాయించు మార్స్యా వ్రేళ్లు తీగెలపై నేమి చేయుచున్నవో చూచిన వారెందఱు?

మనమును తక్కువవారము కాము. వీణాపాణికి మ్రొక్కు మనకు స్త్రీచేతి తంత్రీవాద్యము వింత గాదు. కాని వీణ మృదువుగాఁ బలుకును; ఈ గిటారు గర్జించును. ఆడుపిల్ల బిగ్గఱగా నవ్వినచోఁ గసరుకొను మన పెద్దలకుఁ గంటకమైనది వాద్యము గాదు, ఆ గర్జనయే.